తలుపు లోపలి వేపరెమ్మ

మా ఊళ్లో ఎవరింట్లో తల్లి పోసినా గుమ్మానికి వేపరెమ్మ కడతారు. దాన్ని చూస్తే చుట్టాలు వెనక్కి తిరుగుతారు, పాలు పోసే మనిషి వాకిట్లోనే గిన్నె పెట్టమంటాడు. ఆ వేసవిలో మా ఇంటి రెమ్మను నేను తలుపుకు బయట కట్టలేదు, లోపలివైపు కట్టాను. తలుపు మూస్తే మాకు కనిపిస్తుంది. తెరిస్తే గోడకానుకుని దాక్కుంటుంది.

డాక్టర్లు దాన్ని చికెన్‌పాక్స్ అంటారు, బయట ఆటలమ్మ అంటారు. ఒళ్లంతా నీటి పొక్కులు, మంట, జ్వరం. మేం రోగమనం. తల్లి వచ్చింది, తల్లి పోతుంది అంటాం. వేపాకు పరిచి పడుకోబెడతాం, పెరుగన్నం పెడతాం, ఇంట్లో తాలింపు వేయం. అది పోసిన మనిషిని ఒక్క మాట అనం. అంటే తల్లిని అన్నట్టే.

అది 2012. శివరాత్రి వెళ్లిన వారానికి మా ఆయన ఐలయ్యకు పోసింది. ఆయన ఎయిర్‌పోర్టు లోపలి రోడ్ల పక్కన పూలమొక్కలకు నీళ్లు పడతాడు, కాంట్రాక్టరు కింద పని. పొద్దున లేచి చొక్కా విప్పితే వీపు నిండా పొక్కులు. మా అత్త తారాబాయి చూసి చెంపలు వేసుకుంది.

"దండం పెట్టు" అంది నాతో.

పడుకున్న మొగుడికి దండం పెట్టాను.

"ఇగ నువ్వు నన్నేమనొద్దు" అన్నాడాయన కళ్లు తెరవకుండానే. "తల్లి పోయేదాక నేను చెప్పిందే మాట."

"ఏమంటలేను గద."

"మనసుల తిడ్తున్నవ్. నాకెర్కైతది."

"నోర్ముయ్‌రా, ఇంత జరంల గూడ..." అని అత్త నాలిక కరుచుకుంది. "జర నోరు ముయ్యి తల్లీ" అని సర్దుకుంది.

సంతోషి చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అది మామూలుగా అన్నది: "అమ్మా, మేడంకు చెప్పాలె."

సంతోషి మా ఒక్కగానొక్క బిడ్డ, డిగ్రీ రెండో ఏడు, కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేది. మేడం అంటే మాధవీలత, ఆ పిల్లల ఒళ్లు కాచే ట్రైనరు. ఆట నేర్పే కోచ్ వేరు, ఆయన మల్లేశ్వర్ సార్. కానీ ఏ పిల్ల ఆడొచ్చు, ఏ పిల్ల కూర్చోవాలి అన్న మాట మాత్రం ఈమెది. ఆమె ఊఁ అనకుండా సార్ కూడా ఎవరినీ మ్యాట్ ఎక్కించకూడదు. అది కాలేజీ పెట్టిన రూలు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, 'అండీ' లేకుండా మాట పూర్తి చేసేది కాదు.

దసరా ముందు అమ్మలందరినీ పిలిచి రూల్సన్నీ చెప్పింది. దెబ్బ తగిలితే దాచకూడదు. ఆమెకు తెలియకుండా గోలీ వేయకూడదు, సూది వేయించకూడదు. ఇంట్లో ఎవరికైనా అంటుకునే జబ్బు వస్తే ఆ రోజే చెప్పాలి. ఆటలమ్మ లాంటిదైతే పిల్లకు రాకపోయినా మూడు వారాలు ఇంట్లోనే ఉండాలి. దాచారని తెలిస్తే ఆ ఏడు ఆట బంద్.

"నేను కూడా ఈ రూల్స్ కిందేనండి. నేను తప్పితే నన్నూ పంపేస్తారు" అంది.

నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని. భయం మాత్రం అందరికన్నా ఎక్కువ. ఇంటి మీదుగా విమానం పోతే అది ఎక్కడ కూలుతుందోనని చూస్తాను. ఆ రోజు లేచి వరసపెట్టి అడిగాను. పల్లీపట్టీ తింటే దగ్గొస్తదా మేడం? నేల మీద పడుకుంటే నడుం పడుతదా? విమానాల చప్పుడుకు నిద్ర సరిగ పోదు, చెవులకేమన్న అయితదా? తక్కిన అమ్మలు నవ్వారు.

"నవ్వకండి" అంది మాధవీలత. "ఇలా భయపడే అమ్మలు నలుగురుంటే నా పని సగం తగ్గుతుంది."

అప్పటినుంచి ప్రతి చిన్నదానికీ ఆమెకు ఫోన్ చేసేదాన్ని. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

అందుకే సంతోషి చెప్పాలె అంది. నేను నవ్వు ఆపేశాను. ఉగాది ముందర యూనివర్సిటీ జట్టుకు ఎంపికలున్నాయి. వాటికి ముందు పెట్టే క్యాంపుకు రాని పిల్లను లెక్కలోకే తీసుకోనని మల్లేశ్వర్ సార్ అందరి ముందూ చెప్పాడు. మూడు వారాలు ఇంట్లో కూర్చుంటే ఎంపికలు దాటిపోతాయి. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ జట్టుకు పోయిన ఆడపిల్ల నాకు తెలిసి లేదు. నా బిడ్డ కూతకు పోతే అవతలి పిల్లలు వెనక్కి జరిగేవాళ్లు. అది నేను కళ్లారా చూశాను.

"తల్లిని బజార్ల పెడ్తరా ఎవరన్న?" అంది అత్త. "పేరు పెట్టి చెప్పుకుంటే కోపమొస్తది. ఉన్నదానికి లేనిదైతది."

"కాంట్రాక్టరుకు గూడ చెప్పకుండ్రి" అన్నాడు ఐలయ్య లోపలినుంచి. "నడుం పట్టిందని చెప్పుండ్రి. ఆటలమ్మంటే నా జాగల ఇంకోన్ని పెట్టుకుంటడు."

"మేడం అడిగితే ఏం చెప్పాలె మరి?" సంతోషి నా ముఖంలోకి చూసింది. "నేను అబద్ధం చెప్పనమ్మా."

"నువ్వు చెప్పకు. మా అమ్మనడుగుండ్రి అను, సాలు."

"అమ్మా..."

దాని చెయ్యి పట్టుకుని నా తల మీద పెట్టుకున్నాను. "చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

వేసింది. నేను పోయి రెమ్మను తలుపు లోపల కట్టాను. పాత పద్ధతిలో పేరెత్తకుండా దాచమన్నది పాటించాను, రెమ్మ కట్టి అందరికీ తెలియనివ్వమన్నది వదిలేశాను. కొత్త రూలు సరేసరి. తల్లికి కోపమొస్తుందని భయపడ్డాను. ఆయన పని పోతుందని, బిడ్డ ఆట పోతుందని భయపడ్డాను. ఇంకొకరికి ఏమన్నా అవుతుందేమో అన్న భయం మాత్రం, ఇన్ని భయాలున్న నాకు, ఆ రోజు రాలేదు.

సోమవారం ఫోన్ మోగింది.

"సక్కుబాయి గారూ, సంతోషిని ఏమడిగినా మా అమ్మని అడగండి అంటోంది" మాధవీలత నవ్వుతోంది. "ఇంట్లో అందరూ కులాసాయేనా?"

లోపల ఐలయ్య మూలుగుతున్నాడు. ఫోన్ పట్టుకుని బోరింగు దాకా నడిచాను. మీదినుంచి విమానం పోతోంది. అది దాటేదాకా ఆగాను. అంతసేపూ ఆమె ఓపిగ్గా ఆగింది.

"అందరం మంచిగున్నం మేడం."

"ఇవాళ ప్రశ్నలేం లేవేంటండీ? రోజూ ఏదో ఒకటి ఉండేదిగా."

"ఏం లేవు మేడం."

"అయితే మంచిదే" అంది.

*

ఐలయ్య పొక్కులు ఎండాయి. పసుపూ వేపాకూ వేసిన నీళ్లు పోసుకుని మళ్లీ పనికి పోయాడు. ఎవరికీ తెలియలేదు. తల్లి చల్లగా పోయిందని అత్త పోచమ్మకు పెరుగన్నం పెట్టి వచ్చింది. నేను కూడా గండం గడిచిందనే అనుకున్నాను.

ఎంపికల రోజు సంతోషి లేస్తూనే తల పట్టుకుంది. "తలకాయ నొస్తుందే అమ్మా."

"సరిగ నిద్రపోలే గద" అన్నాను. చాయ్ పెట్టి ఇచ్చి, దాని వెంట నేనూ కాలేజీకి పోయాను.

మ్యాట్ పక్కన రేకుల కింద మాధవీలత కింద కూర్చుని ఉంది. సంతోషి పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని మడమకు పట్టీ చుడుతోంది. ముడత పడకుండా వేలితో సాపు చేస్తూ, ఊదుతూ, పసిపిల్ల కాలికి చేసినట్టు చేస్తోంది. చుట్టడం అయ్యాక లేచి సంతోషి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒళ్లు వెచ్చగా ఉందేంటి?"

సంతోషి నా వైపు చూసింది. ఆ చూపు నన్నేదో అడిగింది. నేను తల తిప్పుకున్నాను.

"ఎండల నిలవడ్డది గద మేడం, గందుకే" అన్నాను.

మాధవీలత ఇంకోసారి దాని నుదురు ముట్టి చూసింది. మల్లేశ్వర్ సార్ అవతలినుంచి పేర్లు పిలుస్తున్నాడు.

"ఇంకెవరి పిల్లయినా అయితే కూర్చోబెట్టేదాన్ని" అంది చివరికి. "మీరు పక్కనుండి పర్లేదంటున్నారు కాబట్టి పంపుతున్నా."

సంతోషి ఆడింది. బాగా ఆడింది. సాయంత్రం జట్టులో దాని పేరు చదివారు. పిల్లలందరూ దాని మీద పడ్డారు. మాధవీలత కూడా దాన్ని గట్టిగా పట్టుకుని వీపు మీద చరిచింది. నా బిడ్డ ముఖం ఎర్రగా ఉంది. సంతోషం అనుకున్నాను.

తెల్లారి చూస్తే మెడ మీద మూడు నాలుగు పొక్కులు. మధ్యాహ్నానికి ముఖం మీదికి వచ్చాయి.

ఈసారి దాచడానికి వీల్లేకపోయింది. నేనే ఫోన్ చేసి చెప్పాను. మాధవీలత తిట్టలేదు, కంగారు పడలేదు. జ్వరం ఎంత, నీళ్లు తాగుతోందా, గోకుతోందా అని అడిగింది. ఆ తర్వాత కొంచెం ఆగి, "ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందాండీ?" అంది.

ఐలయ్య అప్పుడు వాకిట్లో కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆయన చెంప మీద మానిన మచ్చలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

"లేదు మేడం" అన్నాను.

"సరేనండి. ఎందుకడిగానంటే, నాకు చిన్నప్పుడు రాలేదిది." గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు నాకు నాలుగో నెల. కాలేజీలో ఇంకా చెప్పలేదు లెండి. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మీరు సంతోషిని చూసుకోండి, గోళ్లు తీసేయండి."

ఫోన్ పెట్టేసింది. నేను పోయి గోళ్లు తీసే కత్తెర వెతికాను. సంతోషి నా చేతిలోంచి దాన్ని లాక్కుని తన గోళ్లు తనే తీసుకుంది.

"ఏమన్నది మేడం?"

చెప్పాను. ముందు ఎవరికైనా వచ్చిందా అని అడిగిందని, లేదన్నానని కూడా చెప్పాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. ఐలయ్య బీడీ ఆర్పేసి, "నాలుగో నెలనా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. అత్త ఒక్కతే నిబ్బరంగా ఉంది. "తల్లి దయ ఉంటే ఏం గాదు. అయిందేదో అయింది. ఇప్పుడన్న నోరు మూసుకొని ఉండు" అంది.

మర్నాడు శంషాబాద్ సర్కారు దవాఖానకు పోయి అక్కడి నర్సమ్మ సుమలతను అడిగాను. నా పేరు మీద కాదు, మా చుట్టాలమ్మాయికని.

"కడుపుతోటి ఉన్నోళ్లకు పోస్తే జర గట్టిగనే పోస్తదక్కా. ఊపిరితిత్తులకు పాకితే ఆమెకే ప్రమాదం" అంది సుమలత. "లోపలి బిడ్డకు చానమట్టుకు ఏం గాదు. ఎవరో ఒకళ్లకు కండ్లో, కాళ్లుచేతులో సరిగ రావు. రాకుంట ఒక సూది ఉంటది గని, అది జల్ది ఎయ్యాలె, ఊకె దొరకది."

చానమట్టుకు ఏం గాదన్న మాట నా చెవికి ఎక్కలేదు. ఎవరో ఒకళ్లకు అన్నది మాత్రం ఎక్కింది. దారంతా ఎదురొచ్చిన ప్రతి పసిపిల్ల కళ్లలోకి చూస్తూ ఇంటికి వచ్చాను.

*

సంతోషి పొక్కులు మానాయి. జట్టులో దాని జాగాలో ఇంకో పిల్లను తీసుకున్నారని తెలిసింది. జబ్బు చేసింది కాబట్టి తీసేశారనుకున్నాను. అది నాతో సరిగా మాట్లాడటం మానేసింది. ఆట పోయిందన్న కోపమనుకున్నాను. కానీ విచిత్రంగా నన్ను వదిలేది కాదు. రోడ్డు దాటుతుంటే వచ్చి చెయ్యి పట్టుకునేది. నాకు దగ్గు వస్తే లేచి కూర్చునేది.

మాధవీలతకు రోజూ ఏదో వంకతో ఫోన్ చేసేదాన్ని. సూది కోసం చాలా దవాఖానలు తిరిగిందట, దొరికేసరికి వేళ మించిపోయిందట. "ఇంకా ఏం రాలేదండీ" అనేది. శ్రీరామనవమి వెళ్లాక ఒకరోజు ఫోన్ వేరే ఎవరో ఎత్తారు.

"నేను ఇంటి ఓనర్నమ్మా. ఆమెకు అమ్మవారు పోసింది. మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు. ఆమె మొగుడేమో ఓడ మీద, ఎప్పుడొస్తడో తెల్వది. కన్నతల్లి లేదాయె. నువ్వు చుట్టమా?"

"చుట్టాన్నే" అన్నాను.

ఆరాంఘర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి అత్తాపూర్‌కు ఆటో. మేడ మీద గది. తలుపు కొడితే చాలాసేపటికి తీసింది. ముఖంలో కనురెప్పల మీద కూడా జాగా లేదు. గొంతు పోయింది.

"మీకు చిన్నప్పుడు వచ్చిందా?" అంది మొదటి మాటగా.

"ఒచ్చింది మేడం."

"అయితే రండి."

ఆమె తగ్గేదాకా అక్కడే ఉన్నాను. డాక్టరు ఇచ్చిన గోలీలు వేళకు వేశాను. మెత్తటి బట్ట తడిపి ఒళ్లు ఒత్తాను. వేపాకు తెచ్చి పరుస్తానంటే "పరవండి, చల్లగా ఉంటే చాలు" అంది. ఆమె దగ్గితే చేతిలో పని వదిలి పక్కకు వచ్చేదాన్ని. దగ్గు ఆగాక తన పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే ఉండిపోయేది. నేను అటు చూడలేక వంటగదిలోకి పోయేదాన్ని.

చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. జ్వరం తగ్గాక చెబుతాననుకున్నాను. జ్వరం తగ్గింది. ఆ మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చోబెట్టి పెరుగన్నం తినిపిస్తున్నాను. నోట్లో కూడా పుండ్లు, చిన్న చిన్న ముద్దలు పెట్టాలి.

"నాకెందుకు పెట్టరు దండం?" అంది మాధవీలత.

"ఏం దండం మేడం?"

"మీ ఆయనకు పెట్టారటగా."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. కింద వీధిలో ఎవరో మామిడికాయలు అమ్ముతున్నారు.

"ఎవరు చెప్పిన్రు?"

"సంతోషి. మీరు లేదన్నారు చూడండి, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది. నేను దాచిన, నా పేరు తీసెయ్యండి మేడం అని తనే అంది. తీయించాను. రూలది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఇంకొకటి అడిగింది. ఒట్టు తప్పిన కద మేడం, మా అమ్మకేమన్న అయితదా అని. ఏమీ కాదమ్మా అన్నాను. ఏడుస్తూనే ఉంది."

రోడ్డు దాటుతుంటే నా చెయ్యి ఎందుకు పట్టుకునేదో అప్పుడు అర్థమైంది. నేను దగ్గితే ఎందుకు లేచి కూర్చునేదో కూడా. ఒళ్లంతా పొక్కులతో పడుకుని, తన ఆటను తనే వదులుకుని, నేను చచ్చిపోతానేమోనని నా బిడ్డ నన్ను కాపలా కాస్తూ ఉంది. నేను దాన్ని కోపం అనుకున్నాను.

"నీకు ముందే తెలుసు" అన్నాను. మేడం అనడం మరిచిపోయాను. "మరి నన్నెందుకు రానిచ్చినవ్?"

"ఎవరో ఒకరు కావాలి కదండీ. మీకు ఇదివరకే వచ్చింది, మళ్లీ రాదు. మీరు పనిమంతులు." కాళ్ల మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు, ముట్టుకుంటే మంట."

కొంతసేపటికి తనే మళ్లీ అంది. "మిగతా పిల్లల ఇళ్లకు నేను వెళ్లేదాన్నండి, చూసి రావడానికి. అమ్మలు దాస్తారు, నాకు తెలుసు. మీ ఇంటికి ఒక్కసారీ రాలేదు. సక్కుబాయి గారికి జలుబు చేసినా నాకు తెలుస్తుందిలే అనుకున్నాను."

జారిపడ్డ మెతుకులు ఏరడం మొదలుపెట్టాను.

"మన్నించాననుకుని వెళ్లకండి" అంది. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. "అది ఇప్పుడు నావల్ల కాదు. పుట్టనివ్వండి."

గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"పెట్టండి. ఆకలేస్తోంది" అంది.

*

ఆమె భర్త అరుణ్‌కుమార్ వచ్చాక నేను ఇంటికి వచ్చేశాను. సంతోషి బకెట్టు దగ్గర బట్టలు ఉతుకుతోంది. పక్కన కూర్చున్నాను.

"ఒట్టు తప్పితే ఏం గాదు బిడ్డా. ఏయించుకున్న నాది తప్పు."

అది చేతిలోని బట్టను పిండి, మళ్లీ ముంచి, మళ్లీ పిండింది. "నాకు గది చెప్పకు. మేడంకెట్లుంది?"

"తగ్గింది."

"లోపలి పాపకు?"

"స్కానింగు తియ్యాలె."

మే నెలలో తీశారు. ఫోన్ సంతోషికే వచ్చింది. ఇప్పటికి చూసినంతవరకు బాగానే ఉందన్నారట, కళ్లూ అవీ పుట్టాకగాని పూర్తిగా చెప్పలేమన్నారట. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి, సంతోషి మూడో ఏడుకు వచ్చింది. నేను మాత్రం ఆ 'పుట్టాకగాని' దగ్గరే ఆగిపోయాను. నిద్రలో పొక్కులు కనబడేవి కావు. కళ్లు మూసుకుని ఉన్న పసిపిల్ల కనబడేది. నేను పిలిస్తే తెరిచేది కాదు.

వినాయక చవితి ముందు వారం, పొద్దున్నే సంతోషి ఫోన్ మోగింది. అది వింటూ వింటూ గోడకు చేరగిలబడి కింద కూర్చుంది. నేను పొయ్యి దగ్గర లేచి నిలబడ్డాను.

"ఆడపిల్ల" అంది. "కండ్లు మంచిగున్నయట. అన్నీ చూసిన్రట. అన్నీ మంచిగున్నయట."

ఐలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అత్త గబగబా పోచమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టి, నా వైపు చూసింది.

"చూసినవా? నేను చెప్పలే? తల్లిని బజార్ల పెట్టకుంట కడుపుల పెట్టుకున్నం, గందుకే అంత మంచిగైంది. నువ్వే ఊకె పరేషానైతివి."

పెళ్లై వచ్చినప్పటినుంచి ఆమె మాటకు నేను ఎదురు చెప్పింది లేదు. ఊఁ అని తలూపడం అలవాటు. ఈసారి తల ఊగలేదు.

"మంచిగైంది అత్తా" అన్నాను. "మనం మాత్రం మంచిపని చెయ్యలే."

"ఏందీ?"

"ఆ పిల్ల అదృష్టం ఆ పిల్లది. మన ఖాతల ఏస్కోకు."

అత్త ముఖం తిప్పుకుని వాకిట్లోకి పోయింది. ఆ రోజంతా నా చేతి చాయ్ ముట్టలేదు.

సాయంత్రం సంతోషి జడ వేసుకుంటూ, "రేపు దవాఖానకు పోతున్న" అంది. "నువ్వు రాకు. మేడం నన్ను రమ్మన్నది, నిన్ననలే."

"నేను రాను."

దువ్వెన పక్కన పెట్టింది. నా వైపు చూడకుండా అడిగింది. "ఏమన్న పంపుతవా?"

మా దిక్కు పుట్టిన బిడ్డను పెద్దవాళ్ల పాత చీరలో పడుకోబెడతారు. ఎన్నో ఉతుకులు పడ్డ గుడ్డ మెత్తగా ఉంటుందని. ఎండాకాలంలోనే నా చీరల్లో అన్నిటికన్నా మెత్తనిదాన్ని తీసి పెట్టాను. సలసల కాగే నీళ్లలో ఉడికించాను, ఎండలో ఆరేశాను, మళ్లీ ఉడికించాను. పెట్టె తెరిచి దాన్ని బయటికి తీశాను. చెంపకు ఆనించుకుని చూశాను. ఎంత ఉడికించినా అది తల్లి పోసిన నా ఇంట్లో ఉన్న గుడ్డ, నా చేతుల్లో ఉన్న గుడ్డ. మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేశాను.

సంతోషిని వెంటబెట్టుకుని బజారుకు పోయాను. గోపయ్య బట్టల దుకాణం. పసిపిల్లల గుడ్డలు అడిగితే నాలుగు రకాలు తెచ్చి ముందర పరిచాడు.

"ఇది చూడు అక్కా, మలుమలు. జర చేతితోని పట్టి చూడు, వెన్న తీరుగుంటది."

"నువ్వు పట్టి చూసినవ్ గదన్నా. మెత్తగుందా?"

"నేను చెప్తే ఏముంది? నువ్వు చూడాలె గని."

"మంచిగుంటే అదే ఇయ్యి. సంచిల పెట్టి మూతి కట్టు."

"ముట్టకుంటనే కొంటున్నవా? ఇన్నేండ్లల గిట్లాంటి బేరం చూడలేదక్కా నేను." నవ్వుతూ మడత పెట్టాడు. "ఎవలకు, మనుమరాలికా?"

"మా మేడం బిడ్డకు" అంది సంతోషి.

గోపయ్య సంచి మూతి ముడివేసి నా ముందుకు చాపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన అర్థం కాక నన్నూ, నా బిడ్డనూ చూశాడు.

సంతోషి నా పక్కనుంచి ముందుకు వంగి, ఆయన చేతిలోంచి సంచిని తనే అందుకుంది.